ఏ ప్రయాణానికి ఏ పెట్టె?
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చదువు కోసం విదేశం వెళ్తున్నాను. రెండు పెద్ద సూట్‌కేసులు కొనాలి. గట్టి డొప్ప ఉన్నవి తీసుకోవాలా, గుడ్డవా? దుకాణంలో అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

జవాబు: గట్టిది కొనేటట్టయితే ముందు ఆ డొప్ప దేనితో చేశారో చూడండి. ఎక్కువగా దొరికేవి మూడు రకాల ప్లాస్టిక్‌లు. ఏబీఎస్ చవక, నిగనిగలాడుతుంది, కానీ పెళుసు. సామాను ఎక్కించేటప్పుడు మూల మీద పడిందంటే వంగే బదులు పగులుతుంది. చలి ఎక్కువున్న చోట ఇంకా తొందరగా పగులుతుంది. పాలీకార్బొనేట్‌కు దెబ్బ తగిలితే లోపలికి నొక్కుకుపోయి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. పాలీప్రొపిలీన్ తేలికైనది, అదీ వంగుతుందే తప్ప సులువుగా విరగదు. చీటీ మీద ‘పీసీ + ఏబీఎస్’ అని ఉంటే అది పాలీకార్బొనేట్, ఏబీఎస్‌ల కలగలుపు. ఏది ఎంత కలిపారో మామూలుగా రాయరు కాబట్టి దాన్ని ఏబీఎస్ కిందే లెక్కేసుకోవడం మంచిది.

కొనేముందు పెట్టెను పడుకోబెట్టి డొప్ప నడిమధ్యన అరచేత్తో గట్టిగా నొక్కి వదలండి. లోపలికి వెళ్లి చప్పున పైకి లేస్తే సరే. నొక్కినచోట తెల్లటి గీత మిగిలిందంటే ఆ ప్లాస్టిక్ లోపల అప్పుడే విరుగు మొదలైందన్నమాట, దాన్ని అక్కడే వదిలేయండి.

గుడ్డ పెట్టెల మీద ‘డెనియర్’ అని ఒక అంకె ఉంటుంది. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెద్దదైతే దారం మందమైనదని అర్థం. అయితే అంకె ఒక్కటే చూసి కొనకండి. అంతే డెనియర్ పాలియెస్టర్‌ కంటే నైలాన్ రాపిడికి ఎక్కువ ఓరుస్తుంది. కుట్టును కూడా చూడండి. పక్కనుండే పిడి దగ్గర రెండు వరుసల కుట్టు, లోపలివైపు అతుకు గుడ్డ లేకపోతే, నిండు బరువుతో నాలుగుసార్లు ఎత్తేసరికి పిడి చేతిలోకి వస్తుంది.

మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యం బరువు. విదేశీ ప్రయాణాల్లో చాలా సంస్థలు ఎకానమీ తరగతిలో ఒక్కో పెట్టెకు 23 కిలోలు, పొడవు, వెడల్పు, లోతు కలిపి 158 సెంటీమీటర్లు అనుమతిస్తాయి. అదనపు రుసుము కట్టినా ఒకే పెట్టెలో 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు. అది ఎత్తేవాళ్ల నడుములు కాపాడటానికి పెట్టిన హద్దు. 75 సెంటీమీటర్ల పెట్టెను పుస్తకాలతో నింపితే సగం నిండకముందే 23 కిలోలు దాటిపోతుంది. అందుకని పుస్తకాలకు 65 సెంటీమీటర్ల గుడ్డ పెట్టె, బట్టలకూ పగిలే వస్తువులకూ పెద్ద పాలీకార్బొనేట్ పెట్టె తీసుకోండి. ఇంకో సంగతి: గట్టి పెట్టెలు సరిగ్గా సగానికి రెండు చెక్కలుగా తెరుచుకుంటాయి, పరవడానికి రెట్టింపు నేల కావాలి. హాస్టల్లో ఇరుకు గది వస్తే తెరిచి ఉంచుకోవడానికి వీలయ్యేది పైమూత ఉన్న గుడ్డ పెట్టే.

ప్రశ్న: ‘20 అంగుళాల క్యాబిన్ బ్యాగ్’ అని చూసే కొన్నాను. అయినా విమానం ఎక్కేచోట కొలత పెట్టెలో పట్టలేదు. ఎందుకని?

జవాబు: ఆ 20 అంగుళాలు చాలాసార్లు ఒట్టి డొప్ప ఎత్తు. విమాన సంస్థ కొలిచేది చక్రాలు, పైన పిడితో కలిపి. 20 అంగుళాలంటే సుమారు 51 సెంటీమీటర్లు, దానికి చక్రాలు ఓ 4, 5 సెంటీమీటర్లు కలపండి. చాలా సంస్థల హద్దు 55 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వెడల్పు, లోతు మాత్రం సంస్థను బట్టి మారతాయి: ఒకచోట 35, 25 అయితే ఇంకోచోట 40, 20. టికెట్ ఏ సంస్థదో ఆ సంస్థ అంకెలే చూడాలి. పెట్టె చుట్టూ లోతు పెంచే అదనపు జిప్ ఉంటే దాన్ని విప్పకండి, పట్టకపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

ఖాళీ పెట్టె ఎంత తూగుతుందో కూడా చూడండి. హద్దు 7 కిలోలై, పెట్టే 3.2 కిలోలుంటే మీకు మిగిలేది 3.8 కిలోలు. తరచూ రెండు మూడు రోజుల పనిమీద వెళ్లేవారికి 2 కిలోల లోపు గుడ్డ బ్యాగో, 40 లీటర్ల వీపు సంచో ఎంతో నయం.

ప్రశ్న: నాలుగు చక్రాలా, రెండు చక్రాలా? ఇంట్లో ఇద్దరం రెండు రకాలుగా వాదించుకుంటున్నాం.

జవాబు: నున్నటి నేల మీద నాలుగు చక్రాలది హాయి. నిలబెట్టి పక్కనే నెట్టుకుంటూ పోవచ్చు, మణికట్టు మీద బరువు పడదు. మోకాళ్లు, భుజాల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే మేలు. కానీ ఆ చక్రాలు ఒంటికాలి మీద నిలబడ్డట్టు పెట్టె బయటికి పొడుచుకుని ఉంటాయి. విసిరేస్తే ముందు దెబ్బ తినేవి అవే. బండరాళ్లు పరిచిన వీధి, కంకర, గతుకుల బాట వస్తే చిన్న చక్రాలు సందుల్లో ఇరుక్కుంటాయి. వాలు నేల మీద, కదిలే రైల్లో పెట్టె దానంతటదే దొర్లిపోతుంది కూడా.

రెండు చక్రాల పెట్టెలో చక్రం పెద్దది, సగం పెట్టె లోపలికే కూర్చుని ఉంటుంది, అందుకే దెబ్బలకు ఆగుతుంది. వాల్చి లాగాలి కాబట్టి చేతి మీద కొంత బరువు పడుతుంది, అదొక్కటే దాని లోపం. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ రాబర్ట్ ప్లాత్ 1987లో పొడవాటి పిడితో నిలువు పెట్టె తయారుచేసినప్పుడు పెట్టింది రెండు చక్రాలే. రోజూ తిరిగే విమాన సిబ్బందిలో చాలామంది ఇవాళ్టికీ అలాంటి పెట్టెనే లాగుతున్నారు.

మీ వాదన తేలాలంటే విమానాశ్రయం, స్టేషన్ పక్కన పెట్టి, అవి దాటాక బస దాకా ఉన్న దారి ఎలా ఉంటుందో తలుచుకోండి. అక్కడ ఏది నడుస్తుందో అదే మీ పెట్టె. మెట్లే ఎక్కువైతే చక్రాల ఊసే వద్దు, భుజానికి తగిలించుకునే డఫెల్ తీసుకోండి. అది జీపు వెనకైనా, రైల్లో సీటు కిందైనా ఒదిగిపోతుంది.

ఏది కొన్నా బోర్లించి చక్రాన్ని వేలితో తిప్పండి. మంచి బాల్ బేరింగ్ ఉంటే చప్పుడు లేకుండా కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. గరగరలాడి ఆగిపోతే వద్దు. చక్రం స్క్రూలతో బిగించి ఉంటే రేపు మీరే మార్చుకోవచ్చు, రివెట్లతో కొట్టి ఉంటే డ్రిల్ పెట్టి ఊడదీయాలి. పొడుగు పిడి కొంచెం ఊగడం మామూలే, మరీ బిర్రుగా ఉంటే గొట్టం కాస్త వంగినా లోపలికి దిగదు. నిండు పెట్టెను ఆ పిడి పట్టుకుని మెట్ల మీద ఎత్తకండి, దానికి పక్క పిడి ఉంది. బరువైన వస్తువులు చక్రాల వైపు సర్దితే పెట్టె ముందుకు తూలిపడదు.

ప్రశ్న: జిప్ రన్నర్లు రెంటికీ కలిపి చిన్న తాళం వేస్తాను. అది చాలదా?

జవాబు: చాలదు. మామూలు పెట్టెల జిప్ పళ్లు నైలాన్ చుట్టలు. బాల్‌పెన్ను మొన వాటి మధ్య గుచ్చి లాగితే విడిపోతాయి. తర్వాత తాళంతో సహా రెండు రన్నర్లనూ ఆ చీలిక మీదుగా ఒకసారి నడిపితే పళ్లు మళ్లీ కలుస్తాయి. తీసిన జాడే ఉండదు. రన్నర్లు కదలకుండా పెట్టెకే బిగించిన తాళంలో దూరి కూర్చునే రకం తీసుకోండి. అలా ఉంటే పెన్నుతో తెరిచినా తిరిగి మూయలేరు, మీకు వెంటనే తెలుస్తుంది. జిప్పే లేకుండా చట్రం, గొళ్లాలతో మూసుకునే గట్టి పెట్టెకు ఈ బెడద లేదు, కాకపోతే అది బరువు.

రన్నర్ వెనక 5, 8, 10 లాంటి అంకె ఉండొచ్చు. అది మూసినప్పుడు పళ్ల వెడల్పు, సుమారుగా మిల్లీమీటర్లలో. పెద్ద పెట్టె ప్రధాన జిప్‌కు 8 గానీ 10 గానీ ఉండాలి, 5 జేబులకు సరిపోతుంది. ‘టీఎస్ఏ’ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) గుర్తున్న తాళాలను తనిఖీ సిబ్బంది మాస్టర్ తాళంచెవితో విరగ్గొట్టకుండా తెరవగలరు. ఆ చెవుల నమూనాలు 2015లోనే ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి, కాబట్టి దొంగల విషయంలో వాటి మీద భరోసా పెట్టుకోకండి. నగలు, మందులు, సర్టిఫికెట్లు చేతి సంచిలోనే ఉండాలి.

ప్రశ్న: వారం రోజుల కొండల నడకకు వీపు సంచి కొనాలి. 60 లీటర్లది చాలా?

జవాబు: లీటర్ల కంటే ముందు మీ వీపు కొలవాలి. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది. నడుము మీద చేతులు వేసి, తుంటి ఎముకల పైఅంచు మీదుగా బొటనవేళ్లు వెనక్కి చాపండి. ఆ వేళ్ల మధ్య గీత నుంచి మెడ ఎముక దాకా ఎన్ని సెంటీమీటర్లో అదే మీ వీపు పొడవు. సంచి కొలత దానికి సరిపోవాలి, మీ ఎత్తుకు కాదు.

దుకాణంలో 8, 10 కిలోలు వేసి ఓ పావుగంట నడవండి. పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుం పట్టీని తుంటి ఎముకల మీద కూర్చోబెట్టి బిగించండి. ఆ తర్వాత భుజం పట్టీలు, వాటి పైనుండే చిన్న పట్టీలు, ఆఖర్న ఛాతీ పట్టీ. బరువులో ఎక్కువ భాగం తుంటి మోయాలి. భుజాలు నొక్కుకుపోతున్నాయంటే సంచి పొడవు మీది కాదు. బరువైనవి వీపుకు ఆనుకుని, భుజం రెక్కల మధ్య ఉండేలా సర్దండి. వాన తొడుగు వీపు వైపు కప్పదు, అక్కణ్నుంచి నీళ్లు దిగుతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి, అందులో సామాను పెట్టండి. సొంత గుడారం మోయకపోతే 60 అక్కర్లేదు, 45 నుంచి 50 లీటర్లు చాలు.

ప్రశ్న: మూడేళ్లు అటక మీదున్న ఖరీదైన పెట్టెను దించి లాగితే, చక్రాల పైపొర ముక్కలై రాలిపోయింది. వాడనే లేదు, ఎలా పాడైంది?

జవాబు: చాలా చక్రాల పైపొర పాలీయురేథేన్. గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాని అణువుల గొలుసులను తెంచేస్తుంది. తిప్పినా తిప్పకపోయినా ఈ పని సాగుతూనే ఉంటుంది, ఉక్కపోసే అటక మీద వేగంగా సాగుతుంది. గుడ్డ పెట్టెల లోపలి పూత బంకబంకగా మారి పొరలుగా రాలడానికీ కారణం ఇదే. రాలిన పొరను అతికించలేం, చక్రం మార్చడమే దారి. చక్రం వ్యాసం, వెడల్పు, ఇరుసు మందం మిల్లీమీటర్లలో కొలుచుకుని అదే కొలత జత కొనండి. పెట్టెను ప్లాస్టిక్ కవర్లో బిగించి దాచకండి. పొడిగా ఉండే బీరువాలో పెట్టి లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడూ తెరిచి ఆరనివ్వండి. ప్రయాణానికి వారం ముందే దించి, నింపి, ఇంట్లో నాలుగు గదులూ తిప్పి చూడండి.

ప్రశ్న: ఫోన్ చార్జ్ చేసే ‘స్మార్ట్’ పెట్టె కొనొచ్చా?

జవాబు: బ్యాటరీ ఊడదీయగలిగేదైతేనే. చెక్-ఇన్‌లో ఇచ్చేముందు దాన్ని తీసి చేతి సంచిలో పెట్టుకోవాలి. లెక్క ఇది: 20,000 ఎంఏహెచ్ బ్యాటరీని 3.7 వోల్టులతో హెచ్చవేసి 1000తో భాగిస్తే 74 వాట్-అవర్లు. సాధారణంగా 100 దాకా అడగనక్కర్లేదు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. అదే డబ్బుతో మంచి చక్రాలు, మంచి జిప్ ఉన్న మామూలు పెట్టె, విడిగా ఒక పవర్ బ్యాంక్ కొనుక్కోమనే మా సలహా.

ప్రశ్న: విదేశం నుంచి వస్తే బెల్టు మీద పెట్టె పగిలి కనిపించింది. ఏం చేయాలి?

జవాబు: బయటికి రాకముందే అక్కడి బ్యాగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, దాని నంబరున్న కాగితం తీసుకోండి. పెట్టెకున్న చీటీని చింపకుండా, అది కనిపించేలా ఫొటోలు తీయండి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, దెబ్బతిన్న సామానుకు అది చేతికొచ్చిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా అందితే, అందిన రోజు నుంచి 21 రోజుల గడువు ఉంటుంది. ఏడో రోజు దాటాక ఎంత గట్టి ఆధారం చూపించినా తోసిపుచ్చొచ్చు, అందుకని ఇంటికెళ్లి తీరిగ్గా రాద్దామనుకోకండి.