నాన్నగారి ట్యూమర్ జన్యు సమాచారం విదేశీ పరిశోధకులకు ఇవ్వడానికి సంతకం పెట్టమంటున్నారు, పెట్టవచ్చా?

పెట్టేయండి. నేను పెట్టలేదు, అందుకే చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా. 2018లో నాన్నకి దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే దగ్గర్లోని డాక్టరు టీబీ అన్నాడు. కళ్ళె పరీక్షలో ఏమీ రాకపోయినా ఆరు నెలల కోర్సు మొదలుపెట్టాడు. మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్ళలో ఎంతమంది ముందు టీబీ మందులు మింగి వస్తారో ఏ ఆంకాలజిస్టునైనా అడిగి చూడండి. అయిదో నెలకి మనిషి పది కిలోలు తగ్గాక గానీ బయాప్సీ జరగలేదు. జీవితంలో బీడీ ముట్టని మనిషి!

విశాఖలో చూసిన డాక్టరు గారు "జీన్ టెస్ట్ చేయిద్దాం, బ్లాక్ పట్టుకురండి" అన్నారు. మైనంలో పోసి ఉంచిన కండ ముక్క అది, అగ్గిపెట్టెలో పడుతుంది. బయాప్సీ చేసింది ఇంకో ఆసుపత్రి. అక్కడి కౌంటర్లో "అప్లికేషన్ రాయండి" అన్నారు. రాశాను. "సారు సంతకం కావాలి" అన్నారు. సారు భోజనానికి వెళ్ళారు. మూడున్నరకి వచ్చి, "మా దగ్గరే చేయించుకోవచ్చుగా, బయటికెందుకు?" అని అరగంట క్లాసు పీకారు. మా నాన్న ఒంట్లోంచి తీసిన ముక్క కోసం నేను బతిమాలుకోవాల్సి వచ్చింది. గడ్డివాము దగ్గర కుక్క సామెత ఊరికే పుట్టలేదు.

మే నెల. మైనం కదా, బస్సులో కరిగిపోతుందేమోనని నా భయం. సోడా కొట్టులో ఐసు ముక్కలు అడిగి, టిఫిన్ క్యారేజీ కింది గిన్నెలో పోసి, పై గిన్నెలో బ్లాక్ పెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనాయన "భోజనమా బాబూ?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక తలూపాను. ల్యాబు కుర్రాడు చూసి ఒకటే నవ్వు. "యాభై అయిదు, అరవై డిగ్రీలుండాలి సార్ అది కరగాలంటే" అన్నాడు.

అక్కడే ఇచ్చారు ఆ ఫారం. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. నమూనానీ సమాచారాన్నీ దేశ విదేశాల్లో పరిశోధనకి వాడుకోవచ్చా అని ఒక గడి. ఫోన్లో అమ్మని అడిగితే, "జీనుల్లో క్యాన్సరని ఎక్కడో రాసి పెట్టుకుంటే రేపు చెల్లికి సంబంధాలు వస్తాయా?" అంది. వద్దు అని టిక్ పెట్టాను.

రిపోర్టు పన్నెండో రోజున వచ్చింది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఎక్సాన్ 19 డిలీషన్, అంటే కణాల్ని పెరగమని చెప్పే జన్యువులో ఒక చిన్న ముక్క ఎగిరిపోయింది. కీమో లేదు, ఆ మార్పు ఉన్నవాళ్ళకి పనిచేసే జెఫిటినిబ్ మాత్ర రోజుకొకటి. హైదరాబాద్ కంపెనీది, అందుకే కొనగలిగాం. మూడో వారం నాన్న తనంతట తానే మేడెక్కి వాటర్ ట్యాంకు చూసొచ్చారు. ఏడాదిన్నర బాగున్నారు.

ఆ మాత్ర కథ నాన్న పోయాక చదివాను. మొదట్లో అది కొందరికి అద్భుతంగా పనిచేసేది, చాలామందికి అసలు పనిచేసేది కాదు. ఎందుకో అర్థంకాక 2004లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు రెండు దేశాల ట్యూమర్లు తెప్పించుకుని చూశారు. జపాన్ రోగులవి 58 చూస్తే 15 మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు కనబడింది. అమెరికా వాళ్ళవి 61 చూస్తే ఒక్కరిలో. సొంత ఊరి ముక్కలు మాత్రమే చూసుకుని ఉంటే ఆ ఒక్కదాన్ని ఎవరు పట్టించుకునేవారు? అదే సమయంలో ఇంకో బృందం కూడా ఈ మార్పుని కనిపెట్టిందిలెండి. కానీ ఆసియా వాళ్ళలో ఇది ఎక్కువని తేటతెల్లం చేసింది ఈ లెక్కే. ఆ జపాన్ వాళ్ళ ముక్కలు సముద్రం దాటాయి కాబట్టి మా నాన్న మేడెక్కారు. నేను మాత్రం ఎవరికీ ఇవ్వనన్నాను.

చెల్లి సంగతి. ఎక్సాన్ 19 డిలీషన్ ట్యూమర్లో పుట్టిన మార్పు, వంశంలో వచ్చేది కాదు. పిల్లలకి దానితో సంబంధం లేదు. ఈ రెండు ముక్కలు ఆ నాలుగు పేజీల్లో తెలుగులో రాసి ఉంటే అమ్మ ఒప్పుకునేది. అయితే ట్యూమర్‌తో పాటు రక్తం కూడా తీసుకుంటున్నారా అని మీరు తప్పకుండా అడగండి. రక్తంలో కనబడేవి కుటుంబానివి, అది వేరే లెక్క. పేరు తీసేసినా పూర్తి జన్యుక్రమంతో మనిషిని పోల్చుకునే వీలుంది. అందుకే క్యాన్సర్ల జన్యువులు చదవడానికి దేశాలు కలిసి పెట్టుకున్న ఇంటర్నేషనల్ క్యాన్సర్ జీనోమ్ కన్సార్టియం సమాచారానికి రెండు అరలు పెట్టింది. ట్యూమర్‌లోని మార్పుల జాబితా అందరికీ, అసలు క్రమం అనుమతి తీసుకున్నవాళ్ళకే. మీ ఫారం ఏ అర గురించో కనుక్కోండి.

ఆ కన్సార్టియంలో మన దేశం నోటి క్యాన్సర్ మీద పని తీసుకుంది. బెంగాల్‌లోని కల్యాణి, ముంబై పరిశోధకులు 2013లో పొగాకు నమిలేవాళ్ళ బుగ్గ, చిగుళ్ళ క్యాన్సర్లో మార్పులు వచ్చే కొత్త జన్యువులు కొన్ని చూపించారు. కానీ రోగుల ట్యూమర్ జన్యు సమాచారం ఒకచోట పోగేసి పంచుకునే జీనీ అనే ప్రాజెక్టుని 2015లో మొదలుపెట్టిన ఎనిమిది ఆసుపత్రులూ అమెరికా, కెనడా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లవి. మా నానమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మా తీరంలో ఆ తరం ఆడవాళ్ళకి అంగిట్లో క్యాన్సర్ వచ్చేది అందుకే. ప్యారిస్‌లో ఎవరు తాగుతారండీ అడ్డపొగ? మన ముక్కలు మనం ఇవ్వకపోతే ఆ జబ్బు వాళ్ళ లెక్కల్లో ఉండనే ఉండదు.

టెస్టు అయ్యాక మిగిలిన బ్లాక్ మాకు తిరిగిచ్చేశారు. బీరువాలో నాన్న కళ్ళజోడు పక్కన ఉంది. ఇప్పుడు ఇస్తామన్నా ఎవరికివ్వాలో ఏ కౌంటర్లోనూ చెప్పడం లేదు. మొన్న మేలో ఎండలు చూసి, ఎందుకో భయమేసి తీసి చూశాను. కరగలేదు.