సంతకం పెట్టే ముందు మీ అమ్మని అడుగు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. తను మాట్లాడలేని పరిస్థితి వస్తే వైద్యం సంగతులు నువ్వే తేల్చేలా కాగితం రాయిస్తోందట, నువ్వు సరేనన్నావట. గర్వంగా అనిపించింది. ఆ వెంటనే గుండె దడదడలాడింది. నర్సుగా ఎంతమంది చేత సంతకాలు పెట్టించానో లెక్కలేదు. సొంతమనిషి కోసం నేనే పెట్టాల్సి వచ్చింది మాత్రం ఒక్కసారి. అదీ తప్పుగా పెట్టాను.

కాగితం మీరున్నచోటి చట్టం ప్రకారం ఉండాలి, అది లాయరు చూసుకుంటాడు. కాపీ ఒకటి డాక్టరు దగ్గర ఉంచండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే అర్ధరాత్రి ఎవరికీ పనికిరాదు.

జబ్బేమిటి, ఏం చేస్తారు, దానివల్ల మేలెంత, ప్రమాదమెంత, వేరే దారి ఉందా, ఏమీ చేయకపోతే ఏమవుతుంది, సంతకం పెట్టాల్సి వస్తే ముందు ఇవన్నీ డాక్టర్ని అడుగు. ఆ చివరిది అడగడానికి అందరికీ మొహమాటమే. అర్థమైందా అంటే తలూపెయ్యకు, విన్నది నీ మాటల్లో తిరిగి చెప్పు.

ఇక అసలు సంగతి. మీ అమ్మమ్మ కాలు.

షుగరు పుండు ముదిరి పాదం నల్లబడింది. సర్జను నన్ను వరండాలోకి పిలిచాడు. నర్సునని తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పాడు: మోకాలి కింద తీసేయాలి, జాప్యం చేస్తే ప్రాణానికే ముప్పు. ఆపరేషన్ మర్నాడు పొద్దున. అంటే అడగడానికి ఒక రాత్రంతా ఉంది. గదిలో అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పేపరు చదువుకుంటోంది. నేను అక్కడే ఫారం గోడకానించి సంతకం పెట్టేశాను. లోపలికెళ్లి, "పుండు శుభ్రం చేస్తారమ్మా" అన్నాను. భయపడుతుందని. కాదులే, తను భయపడితే నేను చూడలేనని.

ప్రాణం దక్కింది. కాలు గురించి అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ నేను మాత్ర చేతిలో పెడితే చాలు, మీ అమ్మని పిలిచి "ఇదేమిటో నువ్వు చెప్పవే" అనేది. నర్సుని నేను. అడిగేది మీ అమ్మని.

కాగితంలో నా పేరు కాకుండా నీ పేరు ఎందుకు రాయిస్తోందో నాకు తెలుసు. అలగలేదు. కొంచెం అలిగాను.

పెద్దవయసు వచ్చి మతి స్థిమితంగా ఉన్న ప్రతి మనిషికీ తన ఒంటికి ఏం జరగాలో తేల్చుకునే హక్కుందని అమెరికాలో కార్డోజో అనే జడ్జి 1914లోనే తీర్పులో రాశాడు. ట్రైనింగులో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వరండాలో గుర్తు రాలేదు. కాబట్టి గుర్తుంచుకో పిల్లా, మీ అమ్మ తన సంగతి తను తేల్చుకోగలిగినన్నాళ్లూ ఆ కాగితంతో నీకు పనే లేదు. ఐసీయూలో రాత్రి కలవరించిందని పొద్దున కూడా అలాగే ఉంటుందనుకోకు. తేరుకున్నాక మళ్లీ అడుగు.

నిజంగానే చెప్పలేని రోజొస్తే, "మీరేం చేయమంటారు?" అని నిన్నడుగుతారు. నీకేం కావాలో కాదు, ఇదే అమ్మని అడిగితే ఏమనేదో అది చెప్పాలి. అమ్మ మనసు నాకు తెలియదా అనకు. దగ్గరివాళ్ల ఊహలను రోగుల మాటతో పోల్చిన 16 అధ్యయనాలను 2006లో కలిపి చూస్తే, సరిపోయినవి 68 శాతమే. కూతురివైనా సరే, మూడింట ఒకటి తప్పుతావన్నమాట.

అందుకే ఇప్పుడే కూర్చుని అడుగు. వెంటిలేటర్ పెట్టమంటావా అంటే ఎవరైనా వద్దనే అంటారు. వారం పెడితే లేచి కూర్చుంటావంటే? ఎవరినీ గుర్తుపట్టని స్థితిలో మిగిలిపోతావంటే? అలా విడదీసి అడుగు. కొన్నాళ్లు పెట్టి చూసి, ఫలానా రోజున మళ్లీ మాట్లాడదామని డాక్టర్లతో ముందే అనుకోవచ్చు. ఒప్పుకున్నదాన్ని తర్వాత వద్దనవచ్చు కూడా. ప్రాణం మీదికొచ్చి, అడగడానికి టైము లేకపోతే వాళ్లు నీ సంతకం కోసం ఆగరు, ఆ టెన్షన్ నీకొద్దు.

మాట్లాడాక నాకు ఫోన్ చెయ్. తనేమందో నాకు చెప్పక్కర్లేదు. అడిగానని చెప్పు, చాలు.

పెద్దమ్మ