ప్రశ్న – జవాబు: కొండవాలు నేలకు గ్రాంటు

ప్రశ్న: ఉదయగిరి కొండ కింద మా యానాది కాలనీ మెట్టచేలల్లో వానకు మట్టి కొట్టుకుపోతోంది. గట్లు వేసుకోవడానికి నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గ్రాంటు నేరుగా మా ఖాతాల్లో పడుతుందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: పడదమ్మా. మీ యానాదుల వంటి గిరిజనుల కోసం 2003–04లో నాబార్డు ఏర్పాటు చేసిన గిరిజన అభివృద్ధి నిధి సొమ్ము, ప్రాజెక్టును నడిపే సంస్థ ద్వారా, గ్రామ కమిటీ భాగస్వామ్యంతో ఖర్చవుతుంది. సాధారణంగా కుటుంబానికి ఎకరం చొప్పున ‘వాడి’ (చిన్న తోట) పేరిట మామిడి, జీడిమామిడి వంటి తోటలు వేయించి, వాటితోపాటే మట్టికట్టలు, నీటివసతి కల్పిస్తారు. కాబట్టి మీరంతా ఒక్కమాటగా కూడి, పట్టా నకళ్లతో నాబార్డు జిల్లా అభివృద్ధి మేనేజరును కలవండి. పనులు మాత్రం వాలు పైభాగం నుంచే మొదలుపెట్టించండి. పైన నీటి ఉరవడి తగ్గించకుండా కింద వేసిన గట్టు ఒక్క తుఫాను వానకే తెగిపోయి, కండగల మట్టి వాగుపాలు కావడం మెట్టప్రాంతంలో మనం కళ్లారా చూస్తున్నదే.