బొజ్జ ఉన్న కృష్ణుడికి అంత జనం ఎందుకు వచ్చేవారు?

పాత పద్యనాటకాల ఫోటోలలో కృష్ణుడి వేషం కట్టినవారు ఏభై దాటి, బొజ్జ పెరిగి, ఏ కోణం నుంచి చూసినా కథానాయకుల్లా లేరనీ, అటువంటివారి కోసం జనం బండ్లు కట్టుకొని వచ్చేవారంటే నమ్మబుద్ధి కావడం లేదనీ, అసలు వారిలో ఆకర్షణ ఏమిటనీ మీరు అడిగారు. గుంటూరు జిల్లాలో శ్రీరామనవమి పందిళ్ల కింద తెల్లవార్లూ నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి కనుక దీనికి జవాబు చెప్పే అర్హత నాకు ఉన్నదనే అనుకుంటున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రూపంలోనూ గాత్రంలోనూ ఏ వంకా లేని నటుడు పద్యనాటకంలో మంచి నటుడనిపించుకొని అక్కడితో ఆగిపోతాడు. జనం పేరు పెట్టి చెప్పుకొని, పొరుగూరు వెళ్లి మరీ చూసే నటుడిలో మాత్రం ఎక్కడో ఒక పొసగనితనం ఉంటుంది, దానిని అతడు దాచుకోడు.

మీ కళ్లలో ఉన్న కృష్ణుడు సినిమా కృష్ణుడు. 1957లో ‘మాయాబజార్’ వచ్చిన తరువాత ఎన్.టి. రామారావు గారి ముఖమే తెలుగువారికి కృష్ణుడి ముఖమైపోయింది. ఆ కొలతతో చూస్తే రంగస్థలం మీది కృష్ణులందరూ తేలిపోవలసిందే. మా పందిళ్లలో ఆ కొలత చెల్లేది కాదు, ఎందుకంటే అక్కడ ఒకే రాత్రిలో కృష్ణుడి ముఖం రెండు మూడు సార్లు మారేది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలనే నాటకాలను, సీనుకొక నటుణ్ణి కుదుర్చుకొనే కాంట్రాక్టు పద్ధతిలో ఆడించేటప్పుడు, దుర్యోధనుడూ అర్జునుడూ సాయం కోరి వచ్చే పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు, ఒక్కొక్కప్పుడు యుద్ధరంగానికి ఇంకొక కృష్ణుడు ఉండడం మామూలే, కరపత్రంలో కూడా వారి పేర్లు అలాగే సీనుల వారీగా వేసేవారు. పడక సీనులో పొట్టిగా, లావుగా ఉన్న దేవుడు రాయబారం వేళకు ఆజానుబాహువై రావడం చూసి చిన్నపిల్లలు కూడా ఆశ్చర్యపోయేవారు కారు. ముఖం మీద ఆశ పెట్టుకోవద్దని ఆ పద్ధతే ప్రేక్షకుడికి నేర్పింది, కనుక ఇక చూడవలసింది ఈ కృష్ణుడు ఏం చేస్తాడన్నదే.

ఏం చేస్తాడన్నదానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఈలపాట రఘురామయ్య గారు. 1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన ఆయన వేలు నోట పెట్టుకొని ఈలతోనే రాగం తీసి, పాటనూ పద్యాన్నీ వినిపించేవారు. ఈల అంటే అప్పటికి పెద్దమనుషులకు సరిపడని శబ్దం. ఇంట్లో పిల్లలు వేస్తే కసురుకొనేవారు, నాటకశాలలో అది నేలమీద కూర్చున్నవారి హక్కు, నటుడు బాగా చేస్తే మెప్పుగానూ చేయకపోతే ఎగతాళిగానూ వాడుకొనే ఆయుధం. ఆ శబ్దాన్ని కిరీటం పెట్టుకున్న కృష్ణుడే తన నోట పలికించి, దానిని శాస్త్రీయ రాగానికి కట్టుబడేలా చేశాడు. 1973లో సంగీత నాటక అకాడమీ పురస్కారమూ, 1975లో పద్మశ్రీ వచ్చినది ఆ కృష్ణుడికే. ఆ గొంతులో మాధుర్యం ఉన్నదని అందరూ రాస్తారు, అది నిజమే; కాని మధురమైన గొంతులు ఆ రోజుల్లో జిల్లాకు పదిమందికి ఉండేవి. దేవుడి నోట ఈల వినిపించడంలోని ఆ కొంటెతనం ఆయన ఒక్కరిదే, జనం తరలివచ్చింది దానికోసమేనని నేను బల్లగుద్ది చెబుతాను.

ఇక నేను దగ్గరనుంచి చూసిన నటుడి సంగతి చెబుతాను. ఆయన పేరు రాయను, ఎందుకంటే ఆయన ఉబ్బసం గురించి చెప్పబోతున్నాను. ఆయన పడక సీను కృష్ణుడు. అప్పటికే అరవైకి దగ్గరపడిన వయస్సు, నడుముకు బిగించిన వడ్డాణం మీదుగా పొంగిన పొట్ట, చెమటకు చెవుల దగ్గర కరిగి మెడ మీదికి జారిన నీలి రంగు. తెర లేచేసరికి కృష్ణుడు మంచం మీద పడుకొని ఉంటాడు. దుర్యోధనుడు వచ్చి తలవైపు ఉన్న ఆసనం మీద కూర్చుంటాడు, అర్జునుడు వచ్చి పాదాల వద్ద ఉంటాడు. చాలామంది కృష్ణులు ఆ కాసేపూ కళ్లు మూసుకొని తమ పద్యం వచ్చేదాకా ఓపిక పడతారు. ఈయన మాత్రం నిద్ర నటిస్తున్న కృష్ణుణ్ణి నటించేవారు. దుర్యోధనుడు ఠీవిగా కూర్చోగానే అంతవరకు ఊపిరితో పైకీ కిందికీ ఆడుతున్న పొట్ట ఒక్క క్షణం ఆగేది. అర్జునుడు వేదిక మీద అడుగు పెట్టగానే కాలి బొటనవేలు మెల్లగా అతని వైపు తిరిగేది. ముందు వరుసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు ఆ వేలు కనిపించగానే నవ్వు ఆగేది కాదు, వెనుకనున్న పెద్దలు మమ్మల్ని కసిరి, మళ్లీ తామే మెడలు సాచి దానికోసం చూసేవారు.

లేచిన తరువాత కృష్ణుడు ముందుగా అర్జునుణ్ణి పలకరించి, ఆపైన దుర్యోధనుడి వైపు తిరిగి ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ పద్యం ఎత్తుకోవాలి. ఆ పద్యం రానివాడు ఆ పందిట్లో ఉండడు. నటుడు నోరు తెరవకముందే సగంమంది పెదవులతో చదువుకుంటూ ఉంటారు. ఆ రాత్రి ఆయనకు ఆయాసం ఎక్కువగా ఉన్నది. ‘బావా’ అని ఎత్తుకొని పైస్థాయిలో నిలపబోయేసరికి ఊపిరి తెగింది. మరొకరైతే హార్మోనియం మోతలో దగ్గును కలిపేసి తరువాతి మాట అందుకొనేవారు. ఆయన అక్కడే ఆగారు. ఆగి, దుర్యోధనుణ్ణి కిరీటం నుంచి పాదాల దాకా తీరిగ్గా చూశారు. ఆ తరువాత అతడు కూర్చున్న ఆసనాన్ని చూశారు. అది తన తలవైపు ఉన్నదన్న సంగతి అప్పుడే గమనించినట్టు ఒక కనుబొమ లేపారు. హార్మోనిస్టు పని తెలిసినవాడు, ఒకే మెట్టు మీద వేలు నొక్కిపెట్టి, శ్రుతి మాత్రం వదలకుండా, మిగిలిన చేతిని ఒళ్లో పెట్టుకొని ఊరుకున్నాడు. పందిరంతా గొల్లుమన్నది. దుర్యోధన పాత్రధారి నిజంగానే ఇబ్బందిపడి ఆసనంలో కొంచెం సర్దుకున్నాడు. ఈలోగా ఊపిరి కూడదీసుకున్న కృష్ణుడు ‘ఎప్పుడు వచ్చితీవు’ అన్న మాటలను రాగం లేకుండా, ఎదురింటివారిని వీధి అరుగు మీదనుంచి పలకరించినంత మామూలుగా అన్నారు. నిద్రలో అంతా కనిపెట్టి ఉన్నవాడు ఏమీ తెలియనట్టు అడుగుతున్నాడన్న భావం, చిన్నప్పటినుంచి వింటున్న ఆ పద్యంలో నాకు మొదటిసారి అప్పుడే వినిపించింది.

తరువాతి సంవత్సరం పొరుగూరిలో ఆయన పడక సీను ఉన్నదని తెలిసి వెళ్లాము. ఆ రోజు ఆయాసం లేదు, గొంతు హాయిగా పలుకుతున్నది, అయినా ఆయన ‘బావా’ దగ్గర ఆగారు. చూపు కిరీటం నుంచి పాదాల దాకా అంతే తీరిగ్గా దిగింది. మామూలుగా ‘వన్స్ మోర్’ అన్న కేకలు రాగం తీసిన తరువాత వస్తాయి. అక్కడ ఏమీ పాడని ఆ నాలుగు క్షణాలకు వన్స్ మోర్ వచ్చింది, ఆయన కూడా మొహమాటపడకుండా ‘బావా’ అని మళ్లీ ఎత్తుకొని మళ్లీ ఆగారు. ఆ రాత్రే రాయబారానికి వచ్చిన కృష్ణుడు పాతికేళ్ల అందగాడు. ‘చెల్లియో చెల్లకో’ పద్యం చివర గుక్క తిప్పుకోకుండా రాగం తీసి, మోహన నుంచి కల్యాణికీ, అక్కడి నుంచి మరొక రాగానికీ వెళ్లి క్షేమంగా తిరిగివచ్చాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా ఆ అందగాడి ముఖం నాకు గుర్తుకు రావడం లేదు.

ప్రసిద్ధ నటులు బళ్లారి రాఘవ గారి పక్షంవారు నా మాటలను ఒప్పుకోరని నాకు తెలుసు. పద్యాలకు రాగాలు సాగదీయడాన్ని ఆయన నిరసించారు, స్త్రీ పాత్రలను పురుషులు ధరించడం తగదని చెప్పి స్త్రీలను రంగస్థలం మీదికి తీసుకువచ్చారు. రెండవ విషయంలో ఆయన చేసినది న్యాయమే. ఆడవారికి దక్కవలసిన చోటు వారికి దక్కింది. అయితే ఆ న్యాయం, స్త్రీ వేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి ప్రతిభను వివరించడానికి పనికిరాదు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం వారు, 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోవడంతో ఆ వేషం కట్టి రంగప్రవేశం చేసి, ఆపైన సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఏలి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనను చూసినవారు నిజంగా స్త్రీ అనే భ్రమించేవారని వ్యాసాలలో రాస్తూ ఉంటారు. నేను ఆయనను వేదిక మీద చూడలేదు, చూసిన పెద్దలతో మాత్రం ఈ విషయమై గట్టిగా వాదించాను. కరపత్రంలో మగవాడి పేరు చదివి, ఆ పేరు కోసమే టిక్కెట్టు కొన్నవాడు భ్రమపడడమేమిటి? శ్రీకృష్ణ తులాభారంలో ‘మీరజాలగలడా’ అంటూ సత్యభామ గర్వాన్ని ఒక పురుషుడు చూపుతోనూ, జడ మీది చేతితోనూ, అడుగుతోనూ కట్టి నిలబెడుతున్నాడని తెలిసి చూడడమే ఆ ఆనందం. అది తెలియకపోతే అక్కడ ఉన్నది ఒక అందమైన సత్యభామ మాత్రమే, అటువంటివారు తరువాత సినిమాలలో చాలామంది వచ్చారు.

రాగాల విషయంలో రాఘవ గారి మాటలో కొంత సత్యం లేకపోలేదు. కాని నేటి నాటకాలలో నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది రాగం కాదు, మైకు. మైకులు లేని రోజుల్లో చివరి వరుసకు వినిపించడానికి నటులు పైశ్రుతిలో పాడవలసి వచ్చేది, గొంతు పోయినా అది వృత్తిధర్మమని సరిపెట్టుకొనేవారు. మైకు వచ్చాక గుసగుస కూడా వెనుకవారికి చేరుతుంది కనుక నటన సూక్ష్మమవుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగినది వేరు. శ్రుతి దించలేదు సరికదా, దానికి ప్రతిధ్వని యంత్రం కూడా తగిలించారు. ‘బావా’ అన్న పిలుపు హాలు గోడలకు తగిలి మూడు నాలుగు సార్లు తిరిగి వస్తుంటే, ఆ పిలుపు తరువాత ఆగి ఎదుటివాణ్ణి చూడడానికి నటుడికి చోటెక్కడ మిగులుతుంది?

అటువంటి నటులు ఇక రారా అని కూడా మీరు అడిగారు. వచ్చే అవకాశం ఉన్నది గాని, వచ్చినవారిని మనం ఉండనిస్తామని నాకు నమ్మకం లేదు. ఈమధ్య ఒక పద్యనాటక పోటీ చూశాను. న్యాయనిర్ణేతలు ఆహార్యానికి (వేషానికి), వాచికానికి (మాటకూ పద్యానికీ), ఆంగికానికి (శరీర కదలికలకు) వేరువేరు గడులలో మార్కులు వేసుకుంటున్నారు, కేటాయించిన సమయం దాటితే మార్కులు తగ్గుతాయని ముందే ప్రకటించారు. కృష్ణుడుగా వచ్చిన కుర్రవాడు సన్నగా, చక్కగా, కాలెండరు బొమ్మలోనుంచి దిగివచ్చినట్టే ఉన్నాడు, పడక సీనులో నిజంగా నిద్రపోయినవాడంత నిశ్చలంగా పడుకున్నాడు. నాటకం అయ్యాక తెర వెనుకకు వెళ్లి, గొంతు బాగున్నదని మెచ్చుకొని, అర్జునుడు వచ్చినప్పుడు కాలి వేలు కొంచెం కదిలించి చూడు నాయనా అని చెప్పాను. అతడు సరేననబోతుండగా దర్శకుడు అడ్డుపడి, నిద్రలో కాలు కదిలితే ఆంగికంలో మార్కులు పోతాయండీ అన్నాడు. కథలో కృష్ణుడు మేలుకొనే ఉన్నాడు కదా అని నేను అనేలోగా, సామాను తీయండి, మా రంగాలంకరణ పెట్టుకోవాలి అంటూ తరువాతి బృందంవారు మమ్మల్నందరినీ బయటికి నెట్టారు.