ఇంకా రాని సేవానిధిపై ఇప్పుడే అప్పా?

ప్రశ్న: ఈ ఏడాది ఇంటర్ పాసయ్యాను. వయసు 18. సైన్యంలో నాలుగేళ్ల ఉద్యోగమైన అగ్నివీర్‌గా చేరాలని ఉంది. నాన్న కౌలు రైతు, మా ఇంటి ఖర్చు నెలకు 18,000 రూపాయలు. నాలుగేళ్లకు పది లక్షలు వస్తాయి కాబట్టి, అక్క పెళ్లికి 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆ డబ్బు రాగానే ఒకేసారి తీర్చేద్దామని నాన్న అంటున్నారు. నోటు ఇంకా రాయలేదు. లక్ష ఇస్తే ఎంపిక ఖాయం చేయిస్తామని ఒకరు చెబుతున్నారు. చేరమంటారా, డిగ్రీ చదవమంటారా?

జవాబు: మీరు అడిగింది సైన్యమా, డిగ్రీయా అని. నన్ను కలవరపెట్టింది ఆ మూడు లక్షలు. ఉద్యోగం రాకముందే, అది ముగిసే రోజున వచ్చే డబ్బును నమ్ముకుని అప్పు చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను. మీరు ఇంకా రాతపరీక్ష రాయలేదు. పరుగు, వైద్య పరీక్ష ఆ తర్వాతి మాట. వీటిలో ఏది తప్పినా అప్పు మాత్రం మిగులుతుంది.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బారువడ్డీ లెక్కన చూసినా నాలుగేళ్లకు వడ్డీయే 2,88,000 రూపాయలు. ఏటా వడ్డీని అసలులో కలుపుతామని నోటులో రాయించుకుంటే మొత్తం బాకీ 7 లక్షలు దాటుతుంది. నాలుగేళ్లు పూర్తయ్యాక అగ్నివీరులకు ఇచ్చే సేవానిధి వడ్డీ కాకుండా 10.04 లక్షలు, అందులో 5.02 లక్షలు మీ జీతంలోంచి నెలనెలా మినహాయించినవే, మిగతా సగం ప్రభుత్వ వాటా. ఇంత కష్టపడి కూడబెట్టింది అప్పిచ్చినవాడి ఇంటికి చేరడానికా? పెళ్లిని ఉన్నంతలో చేయండి, లేదా కొన్నాళ్లు ఆగండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టండి, వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు. ఇక ఎంపిక చేయిస్తామనే వ్యక్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పరీక్షలు నెగ్గడం తప్ప సైన్యంలోకి మరో దారి లేదు.

చేరడం విషయానికి వస్తే, ఆరోగ్యం, ఆసక్తి ఉంటే తప్పకుండా ప్రయత్నించండి. 18 ఏళ్లకే మొదటి ఏడాది నెలకు 30,000 జీతం, అందులో చేతికి 21,000, నాలుగో ఏడాదికి 28,000. అయితే దీన్ని నాలుగేళ్ల ఉద్యోగంగానే లెక్కవేసుకోండి. ప్రస్తుత నిబంధనల ప్రకారం శాశ్వతంగా కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మందే. మిగిలినవారికి పింఛను, గ్రాట్యుటీ ఉండవు. 22 ఏళ్లకు బయటికి వచ్చి మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి.

అందుకే అప్పు కాదు, ముందు అత్యవసర నిధి కూడబెట్టుకోమంటున్నాను. సేవానిధి మధ్యలో తీసుకునే డబ్బు కాదు. మూడో ఏడాదిలో అమ్మకో నాన్నకో ఆపరేషన్ అవసరమైతే అందులోంచి పైసా రాదు. మీ కోరికపై ముందే బయటికి వచ్చేస్తే మీ వాటా, దానిపై వడ్డీ తప్ప ప్రభుత్వ వాటా దక్కదు. అప్పుడు మళ్లీ అదే రెండు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కాలి. మొదటి ఏడాది సేవానిధికి నెలకు 9,000 మినహాయిస్తారు కదా, చేతికి వచ్చే 21,000లోంచి మీరూ మరో 9,000 పక్కన పెట్టండి. తిండి, బస సైన్యమే చూసుకుంటుంది కాబట్టి ఇది కష్టం కాదు. పన్నెండు నెలలకు 1,08,000 అవుతుంది, అంటే సరిగ్గా మీ ఇంటి ఆరు నెలల ఖర్చు. అది పూర్తయ్యేవరకు బైకు కొనాలన్న ఆలోచన, స్నేహితులకు చేబదులు ఇవ్వడం వద్దు. మిగిలిన 12,000లోంచి ఇంటికి పంపండి, తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా తీసుకోండి.

రెండో అత్యవసర నిధి సేవానిధి అందిన రోజున కావాలి. ఏడాది ఇంటి ఖర్చు 2,16,000 ముందుగా బ్యాంకులో వేసి, ఆ తర్వాతే మిగతా డబ్బు గురించి ఆలోచించండి. ఆ ఏడాదిలో మీరు పోటీ పరీక్షలు రాయాలి. కేంద్ర సాయుధ బలగాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్, వయసు సడలింపు ఉన్నాయి. సర్వీసులో ఉన్నంతకాలం ప్రీమియం లేకుండా వచ్చే 48 లక్షల జీవిత బీమా కూడా బయటికి రాగానే ఆగిపోతుంది. నాలుగో ఏడాదిలోనే సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి.

డిగ్రీని వదులుకోనక్కర్లేదు, దూరవిద్య అందించే ఇగ్నో విశ్వవిద్యాలయంలో అగ్నివీరుల కోసమే కోర్సు ఉంది. సైనిక అధికారులను తయారుచేసే ఎన్‌డీఏ పరీక్ష కూడా రాసి చూడండి, కోర్సు మొదలయ్యేనాటికి వయసు 19½ దాటకూడదు.

నోటు ఇంకా రాయలేదన్నారు. ఈ జవాబును ఈ రోజే నాన్నగారికి చదివి వినిపించండి.