మడత పెడితే మారిపోయే ఎంటర్

ప్రశ్న: కాకతీయుల చెరువుల మీద పరిశోధన చేస్తున్నాను. నోట్సంతా ఈమాక్స్ అనే ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్‌లో, అంటే శీర్షికల కింద నోట్సు సర్దుకునే ఏర్పాటులో, రాసుకుంటున్నాను. కొత్త శీర్షిక కోసం ఆల్ట్-ఎంటర్ కొడితే ఒకసారి పైన వస్తది, ఒకసారి కింద వస్తది, ఒక్కోసారి ఉన్న శీర్షికే రెండు ముక్కలైతది. మొన్న పాకాల కింద రాసుకున్నదంతా లక్నవరం కిందికి పోయింది. తప్పు నాదా, సాఫ్ట్‌వేర్‌దా?
– పరిశోధక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: తప్పు మీది కాదమ్మా. ఆ ఒక్క మీటకు చాలా పనులు అప్పజెప్పారు. కర్సర్ శీర్షిక మొదట్లో ఉంటే కొత్తది పైన పుడుతుంది. నడుమ ఉంటే వరుస అక్కడ తెగి, మిగిలిన ముక్క కొత్త శీర్షికవుతుంది. జాబితాలో ఉంటే శీర్షిక రాదు, జాబితాలోనే ఇంకో అంశం వస్తుంది. వీటితో నాకు పేచీ లేదు. కర్సర్ ఎక్కడుందో, వరుస ముందు శీర్షికకు పెట్టే నక్షత్రం ఉందో జాబితాకు పెట్టే గీత ఉందో మీ కళ్లకు కనబడుతూనే ఉంది కాబట్టి కొద్దిరోజుల్లో చేతికి అలవాటవుతుంది.

పేచీ వరుస చివర వస్తుంది. మీ ఫైలే తీసుకుందాం. 'పాకాల' అని ఒక శీర్షిక, దాని కింద కట్ట, తూములు, మత్తడి, ఆయకట్టు గురించి నాలుగు పేరాలు ఉన్నాయనుకోండి. ట్యాబ్ కొట్టి మడిచారు, అంటే పేరాలు కనబడకుండా దాచారు. 'పాకాల' పక్కన చుక్కలే మిగిలాయి. ఆ చుక్కల తర్వాత ఆల్ట్-ఎంటర్ కొడితే కొత్త శీర్షిక నాలుగు పేరాలూ దాటుకుని కింద వస్తుంది. మీకు కావాల్సిందీ అదే. ఇప్పుడు మడత విప్పి, కర్సర్‌ను 'పాకాల' చివరే పెట్టి, మళ్లీ అదే కొట్టండి. ఈసారి కొత్త శీర్షిక 'పాకాల'కూ దాని పేరాలకూ నడుమ దూరుతుంది. అక్కడ 'లక్నవరం' అని టైప్ చేయగానే పాకాల తూముల సంగతంతా లక్నవరం ఖాతాలో పడుతుంది. ఒక్క అక్షరం కూడా పోలేదు గనుక మీకు అనుమానం రాదు. థీసిస్‌లో తప్పు చెరువు పేరుతో అచ్చయ్యాకే బయటపడుతుంది. పరిశోధన చేసేవాళ్లకు ఇంతకన్నా చెడ్డ లోపం నాకు కనబడదు.

మడత అనేది చూసేవాళ్ల సౌకర్యం కోసం. తలుపు వేసినంత మాత్రాన ఇంట్లో మనుషులు మారరు. మడిచి ఉన్నా విప్పి ఉన్నా ఒక కమాండ్ ఫైల్లో ఒకే ఫలితం ఇవ్వాలి. కర్సర్ ఉన్న చోటును బట్టి, వరుస రకాన్ని బట్టి కమాండ్ పని మారితే ఒప్పుకుంటాను గానీ, మడతను బట్టి మారితే మాత్రం ఒప్పుకోను.

మీకు మందు ఆర్గ్‌లోనే ఉంది. కంట్రోల్-ఎంటర్ వాడండి. శీర్షిక నడుమ ఉన్నా, పేరాలో ఉన్నా, జాబితాలో ఉన్నా అది ఒకే పని చేస్తుంది: ఇప్పుడున్న శీర్షిక, దాని కిందిదంతా అయిపోయాక, అదే స్థాయిలో కొత్త శీర్షిక పెడుతుంది. చాలా టెర్మినళ్లలో (కమాండ్లు టైప్ చేసే విండోల్లో) ఈ జోడీ మామూలు ఎంటర్‌గానే అందుతుంది కాబట్టి ఈమాక్స్‌ను దాని సొంత విండోలో తెరవండి. ఆల్ట్-ఎంటర్ శీర్షికను ముక్కలు చేయడం కూడా నచ్చకపోతే, వరుసను విడగొట్టనివ్వాలా వద్దా అనే సెట్టింగు ఉంది, ఆపేయండి.

అలాగని ఆర్గ్ అంతా ఇట్లాగే ఉందనుకోకండి. ఆల్ట్ పట్టుకుని కుడి బాణం నొక్కితే ఆ శీర్షిక ఒక్కటే ఒక మెట్టు లోపలికి పోతుంది. షిఫ్ట్ కూడా కలిపితే కింద ఉన్న పిల్ల శీర్షికలనూ వెంట తీసుకుపోతుంది. జాబితాలోనూ అంతే: షిఫ్ట్ ఉంటే పిల్లలతో సహా, లేకపోతే ఒంటరిగా. శీర్షికల దగ్గర నేర్చుకున్నది జాబితాలో పనికొస్తుంది. 2003లో దీన్ని మొదలుపెట్టిన కార్స్‌టెన్ డొమినిక్ ఖగోళ శాస్త్రవేత్త. తన నోట్సు సర్దుకోవడానికే రాసుకున్నాడు. రోజూ తానే వాడుకునే మనిషి చేసిన పని అని ఇలాంటి చోట తెలుస్తుంది.

ప్రశ్న: నేను తెలుగులో రాసుకోవడానికి ఆర్గ్ లాగా శీర్షికలను మడిచే ఒక చిన్న ఔట్‌లైన్ ఎడిటర్ తయారు చేస్తున్నాను సార్. మడిచి ఉన్న శీర్షిక మీద 'వరుస తీసెయ్' కమాండ్ ఇస్తే లోపలిది కూడా పోవాలా? సెట్టింగుకు వదిలేస్తే సరిపోతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాజీపేట

జవాబు: సెట్టింగుకు వదలకండి బాబూ. ఆర్గ్‌లో వరుస తీసేసే కంట్రోల్-కె విషయంలో అదే చేశారు. లోపల దాగినదాన్ని కాపాడే సెట్టింగు ఉంది గానీ మొదట ఆపేసే ఉంటుంది. అది ఉందని తెలియనివాళ్లకే దాని అవసరం ఎక్కువ.

లోపలిదంతా పోతే మనిషి చూడని రాత పోయినట్టు. శీర్షిక ఒక్కటే పోతే, దిక్కులేని పేరాలు పై శీర్షిక కింద చేరిపోతాయి. మీ ఎడిటర్ రెండూ చేయకూడదు. మొదటిసారి నొక్కినప్పుడు మడత విప్పి ఆగాలి. లోపల ఏముందో చూశాక కూడా నొక్కితే, అప్పుడు ఆ ఒక్క వరుస తీసెయ్యాలి. కనబడని చోట దిద్దబోతే మడత విప్పి ఆపే ఏర్పాటు ఆర్గ్‌లోనూ ఉంది, చూడండి. మొత్తం తీసేయడానికి వేరే కమాండ్ పెట్టండి.

పరీక్ష ఎలా చేయాలో కూడా చెబుతాను. ఈ 'వరుస తీసెయ్' తప్ప, కొత్త శీర్షిక, జరపడం లాంటి ప్రతి కమాండ్‌నూ ఒకే ఫైల్ మీద మడిచి ఒకసారి, విప్పి ఒకసారి నడిపి, సేవ్ చేసి, రెండు ఫైళ్లనూ పోల్చండి. తేడా వస్తే ఆ కమాండ్‌ను బయటికి వదలకండి. కర్సర్‌ను శీర్షిక మొదట్లో, నడుమ, చివర, పేరాలో, ఖాళీ శీర్షికలో, ఫైల్ ఆఖరి వరుసలో పెట్టి చూడండి. చాలా ఎడిటర్లు తడబడేది ఆ ఆఖరి వరుసలోనే.

మీది తెలుగు ఎడిటర్ కాబట్టి ఇంకొకటి. 'లక్నవరం'లో 'క్న' మనకు ఒకే అక్షరం, కంప్యూటర్‌కు మూడు సంకేతాలు: క, పొల్లు, న. వరుస విడగొట్టే కమాండ్ పొల్లు తర్వాత కోస్తే పైన 'లక్', కింద 'నవరం' మిగులుతాయి. కంప్యూటర్లో అక్షరాల సంకేతాలకు ప్రమాణం యూనికోడ్. 2023లో వచ్చిన దాని 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టే నియమం చేరింది. అక్షరాలను విడదీయడానికి మీరు వాడే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) అంతకన్నా పాతదైతే ముందు దాన్ని మార్చండి. కర్సర్ కదలిక, బ్యాక్‌స్పేస్, వరుస విడగొట్టడం ఈ మూడూ అక్షరం హద్దును ఒకేచోట గుర్తిస్తున్నాయో లేదో 'లక్నవరం', 'క్షేత్రం', 'శాస్త్రం' టైప్ చేసి చూసుకోండి.