నేషనల్ హ్యాండీక్రాఫ్ట్స్ అవార్డుకి వంశపారంపర్యంగా చేసేవాళ్ళే అప్లై చెయ్యాలా? మా వదిన కలంకారీ వేస్తుంది, అర్హత ఉందా?

మీరు రాసిన దాన్ని బట్టి మీ వదిన గారికి 28 ఏళ్ళు, శ్రీకాళహస్తిలో ట్రైనింగ్ తీసుకుని చాలా ఏళ్ళ నుంచి కలంకారీ వేస్తున్నారు, పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేశారు, పుట్టింట్లో ఎవరికీ ఈ పని లేదు, పెద్ద గుడ్డలైతే రంగులు నింపడానికి ఇంట్లో ఇద్దరు ముగ్గురు సాయం పడతారు, ఎవరో షాపాయన "వంశం ఉండాలమ్మా, నీకు రాదులే" అన్నాడు.

ముందు ఆ వంశం మాట మర్చిపోమనండి. మాది శ్రీకాళహస్తే, నేనూ ఇదే పని చేస్తా, ఈ అవార్డుకి ఎంట్రీ పెట్టి కమిటీ ముందు నిలబడిన దాన్ని కాబట్టి చెప్తున్నా, తాతతండ్రులు చేశారా అని నన్ను ఎవ్వరూ అడగలేదు. అసలు మా ఊళ్ళో ఈ కళ ఆగిపోయే స్థితికి వస్తే చేతివృత్తులని నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో 1957లో ట్రైనింగ్ సెంటర్ పెట్టి, ఈ పని తెలిసిన జొన్నలగడ్డ లక్ష్మయ్య గారిని కూర్చోబెట్టి నేర్పించారు, ఇంట్లో కలం ముట్టని పిల్లలు కూడా అలా నేర్చుకునే బతుకుతున్నారు. వంశం చూసుంటే ఈ రోజు కాళహస్తిలో ఇంతమంది ఈ పనిలో ఉండేవాళ్ళే కాదు.

ఇక రూల్స్. ఈ అవార్డులు 1965 నుంచి ఇస్తున్నారు, కేంద్ర జౌళి శాఖలోని డెవలప్‌మెంట్ కమిషనర్ (హ్యాండీక్రాఫ్ట్స్) ఆఫీసు చూసుకుంటుంది. నేషనల్ అవార్డుకి 30 ఏళ్ళు నిండాలి, ఆ కళలో 10 ఏళ్ళ అనుభవం ఉండాలి. దాని పైన శిల్ప గురు అని 2002లో మొదలుపెట్టారు, దానికి 50 ఏళ్ళ వయసు, 20 ఏళ్ళ అనుభవం కావాలి. అంటే మీ వదిన గారికి ఇంకా రెండేళ్ళు టైముంది. బాధపడకండి, ఆ రెండేళ్ళు చాలా పనికొస్తాయి, ఎందుకో కింద చెప్తా. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాది పూర్తిగా చదవండి, వయసు ఏ తేదీకి లెక్కేస్తారో అందులోనే ఉంటుంది.

వయసు, అనుభవం తేలిక భాగం. అసలు కథంతా "ఈ వస్తువు నువ్వే చేశావా" అన్న దగ్గరే. మీరు ఇంట్లో అందరం సాయం చేస్తాం అన్నారు కదా, అమ్మకానికి వేసే చీరలకి, దుపట్టాలకి అందులో తప్పేం లేదు, మా ఇళ్ళల్లో కూడా ఒకరు గీస్తారు ఒకరు పసుపు నింపుతారు ఒకరు ఏటికి తీసుకెళ్ళి ఉతుకుతారు, పని అలాగే నడుస్తుంది. కానీ అవార్డుకి పెట్టే గుడ్డ మాత్రం వేరే. అది కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టడం దగ్గర్నుంచి చివరి ఉతుకు దాకా ఆవిడ చేతుల మీదుగానే జరగాలి. నెలలు పడుతుంది, పట్టనివ్వండి. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ వాళ్ళకైతే ఇది ఇంకా చిక్కు, అక్కడ అచ్చు చెక్కేది ఒకరు, గుడ్డ మీద అద్దేది ఇంకొకరు, ఎవరి పనికి ఎవరు ఎంట్రీ పెడుతున్నారో ముందే తేల్చుకుని రాయాలి.

నా విషయంలో ఏం జరిగిందంటే, ఫారం ఇచ్చాక ఆఫీసర్ ఇంటికే వచ్చారు. ఎంట్రీ గుడ్డ చూడకముందే ఒక ఖాళీ గుడ్డ ముక్క నా ముందు పెట్టి ఏదైనా గీయమ్మా అన్నారు. వెదురు కలం తీసి బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగులో ముంచి గీశా, ఆయన పక్కనే కూర్చుని నా చెయ్యి చూస్తూ ఉన్నారు, బొమ్మ బాగుందా లేదా అన్నది కాదు, కలానికి చుట్టిన ఉన్నిని ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతుందో నా వేళ్ళకి తెలుసా అన్నది చూశారు. తర్వాత రీజినల్ కమిటీ దగ్గర గుడ్డ తిరగేశారు, వెనక వైపుకి రంగు ఎంత దిగిందో చూశారు, ఒకావిడ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు, పాల వాసన ఉంటుంది కదా. స్క్రీన్ ప్రింట్ గుడ్డ అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడదు. ఇంకో ప్రశ్న, "ఎరుపు ఇక్కడే ఎందుకు పట్టింది, పక్కన ఎందుకు పట్టలేదు?" పటిక నీళ్ళతో ఎక్కడ గీస్తే అక్కడే ఎరుపు పడుతుంది అని పని చేసినవాళ్ళు నిద్రలో లేపినా చెప్తారు, కొనుక్కొచ్చి పెట్టినవాళ్ళకి నోరు రాదు. నా ఎంట్రీ ఆ ఏడాది పై కమిటీ దాకా వెళ్ళలేదు, కానీ అడిగిన విధానం మీద నాకు గౌరవం ఉంది, అలాగే అడగాలి.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే మా పిన్ని వేసిన రామాయణం గుడ్డని ఒక వ్యాపారి కూలి ఇచ్చి కొనుక్కుని తన పేరు మీద ఒక పోటీకి పెట్టాడు. పిన్ని దగ్గర ఒక్క ఫోటో లేదు, ఒక్క కాగితం లేదు, ఎవరికి చెప్పుకోవాలి? ఆ గుడ్డలో ప్రతి మొహం ఎవరి గీతో మా వీధిలో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం తెలీదు. అది ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

అందుకే ఈ రెండేళ్ళు సాక్ష్యాలు పోగెయ్యమనండి. ట్రైనింగ్ సర్టిఫికెట్ జాగ్రత్తగా పెట్టుకోవాలి, 10 ఏళ్ళ లెక్క చూపించడానికి మొదట చెయ్యి చాచేది దాని మీదికే. ఎగ్జిబిషన్‌లో స్టాల్ ఇచ్చిన లెటర్లు, బ్యాంకులో పడిన డబ్బు ఎంట్రీలు, ఆర్డర్ల బిల్లులు, పాతవైనా సరే. పెద్ద గుడ్డ వేసేటప్పుడు ప్రతి దశలో ఫోన్‌తో వీడియో తియ్యండి, మొహం, చెయ్యి రెండూ కనపడేలా. పెహచాన్ కార్డు లేకపోతే ముందు అది తీసుకోమనండి, జౌళి శాఖ ఇచ్చే చేతివృత్తుల వాళ్ళ గుర్తింపు కార్డు అది, మేళాల్లో స్టాల్‌కి కూడా అదే అడుగుతారు. కార్డుకో అవార్డుకో మేం చూసుకుంటాం అని మధ్యలో ఎవరైనా వేలకి వేలు అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి.

చాలామంది ఇంకో చోట తికమక పడుతున్నారు, మగ్గం మీద నేసే పని, అంటే పోచంపల్లి ఇక్కత్ లాంటివి ఈ ఆఫీసు కిందికి రావు, హ్యాండ్లూమ్స్ కమిషనర్ వేరే, వాళ్ళకి సంత్ కబీర్ అవార్డు వేరే. నేసిన గుడ్డ మీద వేసే కలంకారీ మాత్రం హ్యాండీక్రాఫ్ట్.

మీరు జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతంలో చేసిన వస్తువు అని ఇచ్చే గుర్తింపు గురించి కూడా అడిగారు. అది వేరే లెక్క. అవార్డు మనిషిని చూస్తుంది, జీఐ ఊరిని చూస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ ఉంది, ఆ ప్రాంతంలో పని చేసేవాళ్ళు ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ ట్యాగ్ వాడుకునే హక్కున్నవాళ్ళుగా రిజిస్టర్ అవ్వొచ్చు, 2020లో ఆ ఫీజు కూడా 10 రూపాయలకి తగ్గించారు. కానీ హైదరాబాద్ ఫ్లాట్‌లో వేసిన గుడ్డ మీద ఆ ట్యాగ్ పెట్టడానికి లేదు, చెయ్యి అదే అయినా సరే. నాకిది కొంచెం కష్టంగానే అనిపిస్తుంది, పెళ్ళి చేసుకుని ఊరు మారిన ఆడపిల్లలందరికీ ఇదే సమస్య, అయినా రూల్ రూలే. అవార్డుకి మాత్రం ఇది అడ్డు కాదు.

కాబట్టి ఆధార్‌లో అడ్రస్ హైదరాబాద్‌కి మార్చారో లేదో ముందు చూసుకోండి, ఆధార్‌లో ఒక ఊరు కార్డులో ఒక ఊరు ఉంటే వెరిఫికేషన్‌కి వచ్చేవాళ్ళు ఎక్కడికి రావాలో తెలీక ఫైల్ ఆగిపోతుంది. మార్చాక హైదరాబాద్ హ్యాండీక్రాఫ్ట్స్ సర్వీస్ సెంటర్‌లోనే పెహచాన్ కార్డుకి అడగండి, వెళ్ళేటప్పుడు వేసిన గుడ్డలు ఒకటి రెండు, కలం, ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా సంచీలో పెట్టుకెళ్ళమనండి.